మూట్‌లో ప్రైవసీ, సమానత్వం: రెండు ఇష్యూలుగా విడగొట్టాలా, ఒకటిగా కలిపి వాదించాలా?

తొలి_మూట్:

నమస్తే అందరికీ. లా మూడో ఏడాది చదువుతున్నాను. ఇదే నా మొదటి మూట్ (ఊహా కేసు మీద కోర్టులోలాగే వాదించే పోటీ), మెమోరియల్, అంటే రాతపూర్వక వాదన, పంపడానికి పంతొమ్మిది రోజులే ఉంది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. బయటివాళ్ళ చేత రాయించుకోకూడదని రూల్స్‌లో ఉంది కాబట్టి అసలు ప్రాబ్లమ్ ఇక్కడ పెట్టడం లేదు, దానికి దగ్గరగా ఉండేలా కథ మార్చాను. నాకు కావాల్సింది ఎలా ఆలోచించాలో, అంతే.

కథ ఇదీ. ఊహా దేశం, కానీ రాజ్యాంగం, తీర్పులు అన్నీ మన దేశానివే అనుకోవాలి. చట్టం ద్వారా ఏర్పడిన ఒక రాష్ట్ర యూనివర్సిటీ. క్యాంపస్‌లో ఒకమ్మాయి మీద దాడి జరిగాక వైస్ ఛాన్సలర్ ఒక సర్క్యులర్ ఇస్తారు. అమ్మాయిల హాస్టల్లో ఉన్నవాళ్ళంతా ఫోన్లో ఒక యాప్ వేసుకోవాలి, రాత్రి ఎనిమిదికి ముఖం చూపించి హాజరు వెయ్యాలి, అప్పటి నుంచి పొద్దున ఆరు దాకా ఎక్కడున్నారో లొకేషన్ వార్డెన్‌కీ, తల్లిదండ్రులకీ వెళ్తూ ఉంటుంది. అబ్బాయిల హాస్టల్లో మాత్రం రిజిస్టర్లో సంతకం పెడితే చాలు. అడ్మిషన్ రోజున 'హాస్టల్ నిబంధనలకు ఒప్పుకుంటున్నాను' అని అందరి దగ్గరా సంతకం తీసుకున్నారు. ఇంకోటి, ఆ హాస్టల్లోనే ఉంటున్న ఒక ట్రాన్స్ విద్యార్థి రాత్రిపూట ఒక కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్తున్న సంగతి ఆ లొకేషన్ వల్ల ఇంట్లో తెలిసిపోయి, చదువు మాన్పించే దాకా వచ్చింది.

నేను పిటిషనర్ వైపు, అంటే సర్క్యులర్‌ని సవాలు చేసే విద్యార్థుల వైపు, రాసిన మొదటి డ్రాఫ్ట్‌లో ఆర్టికల్ 21 కింద ప్రైవసీకి పది పేజీలు, ఆర్టికల్ 14, 15 కింద సమానత్వానికి ఆరు పేజీలు పెట్టాను. మా సీనియర్ ఒకావిడ చూసి, 'ఇది రెండు వేరు వేరు కేసులు వాదిస్తున్నట్టుంది, ఒకదాని మొహం ఒకటి చూడట్లేదు' అంది. నిజమే అనిపించింది, కానీ ఎలా కలపాలో అర్థం కావట్లేదు. పైగా రెండు రౌండ్లలో రెస్పాండెంట్ (యూనివర్సిటీ) వైపు కూడా వాదించాలి, అటువైపు నుంచి చూస్తే నాకు ఏమీ దొరకట్లేదు. ఎవరైనా దారి చూపిస్తారా?


పాత_స్పీకర్:

నాలుగు మూట్‌లు ఆడాను, రెండింటిలో ప్రిలిమ్స్‌లోనే ఇంటికి పంపేశారు, కాబట్టి ఏం చెయ్యకూడదో బాగా తెలుసు.

ముందు నీ పది పేజీల సంగతి. అందులో ఎన్ని పేజీలు ప్రైవసీ చరిత్ర ఉందో లెక్కపెట్టుకో. 1954లో ఎం.పి. శర్మ, 1962లో ఖరక్ సింగ్, 1975లో గోబింద్, 1996లో ఫోన్ ట్యాపింగ్ మీద పీయూసీఎల్, చివరికి 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పు, ఇలా వరసగా కథ చెప్పుకుంటూ పోతే జడ్జి మొహం వాడిపోతుంది. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది జడ్జిలు ఏకగ్రీవంగా తేల్చేశాక దాన్ని మళ్ళీ నిరూపించడం దేనికి? ఒక్క వాక్యంలో చెప్పి, మిగతా పేజీలన్నీ 'హక్కు మీద ఈ ఆంక్ష నిలుస్తుందా' అన్నదానికి వాడుకో. గొడవంతా అక్కడే ఉంది.

ఇక కలపాలా వద్దా అన్నది. నీ దగ్గర కేవలం సమానత్వం ఇష్యూ మాత్రమే ఉందనుకో. బెంచ్ నిన్ను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది: 'కౌన్సెల్, రేపు ఇదే యాప్ అబ్బాయిల హాస్టల్‌కి కూడా పెట్టేస్తే మీ కేసు అయిపోయినట్టేనా?' ఈ ప్రశ్నకి నేను ఒకసారి ఫైనల్ రౌండ్‌లో కాదు, మొదటి రౌండ్‌లోనే నీళ్ళు నమిలాను. అందరి మీదా నిఘా పెడితే సమానత్వం వచ్చేసినట్టే కదా, లెక్క ప్రకారం. ఆ కన్నాన్ని పూడ్చేది ప్రైవసీ. అందరికీ పెట్టినా ఇది తప్పే అని చెప్పగలిగేది ఆర్టికల్ 21 ఒక్కటే.

ఇప్పుడు తిరగేసి చూడు. ప్రైవసీ మాత్రమే ఉంటే యూనివర్సిటీ ఏమంటుంది? 'భద్రత కోసం పెట్టాం, దాడి జరిగింది, ఇంతకన్నా న్యాయమైన లక్ష్యం ఏముంటుంది' అంటుంది, బెంచ్ తల ఊపుతుంది. అప్పుడు నువ్వు సమానత్వాన్ని బయటికి తియ్యాలి. దాడి చేసింది ఎవరు, నిఘా ఎవరి మీద పెట్టారు? క్యాంపస్‌లో లైట్లు, గార్డులు, ఫిర్యాదుల కమిటీ ఇవేవీ ముట్టుకోకుండా బాధితుల వైపు వాళ్ళకే గొలుసు వేస్తే అది భద్రత ఎలా అవుతుంది? ఈ ప్రశ్న ప్రొపోర్షనాలిటీలో (ఆంక్ష దాని లక్ష్యానికి తగినంతలోనే ఉందా అని చూసే పరీక్ష) 'ఇంతకన్నా తక్కువ హాని చేసే దారి లేదా' అన్న మెట్టు దగ్గర సరిగ్గా కూర్చుంటుంది. అంటే సమానత్వం వాదన ప్రైవసీ పరీక్ష లోపలికే వెళ్ళి పని చేస్తోందన్నమాట. మీ సీనియర్ చెప్పింది బహుశా ఇదే.

నన్నడిగితే హెడ్డింగులు రెండూ ఉంచు, కానీ ప్రతి హెడ్డింగ్ కింద రెండోదాని అవసరం కనపడాలి.

ఇంకో మాట. మెమోలో ఎక్కడా మీ కాలేజీ పేరు, మీ పేర్లు రాకుండా చూసుకో, ఫైల్ ప్రాపర్టీస్‌లో కూడా. టీమ్ కోడ్ మాత్రమే ఉండాలి, పేరు కనిపిస్తే చాలా చోట్ల మార్కులు కోస్తారు, కొన్ని చోట్ల టీమ్‌నే తీసేస్తారు. అందరినీ సమానంగా చూడాలంటే గోప్యత కావాలని మూట్ నిర్వాహకులు మనకంటే ముందే కనిపెట్టారు మరి.


నల్లకోటు:

పై జవాబుతో సగమే ఒప్పుకుంటాను. కలపడం కాగితం మీద అందంగానే ఉంటుంది. కానీ నిలబడి మాట్లాడేటప్పుడు, అదీ మొదటి మూట్‌లో, ప్రొపోర్షనాలిటీ మధ్యలో ఆర్టికల్ 15 తీశావంటే జడ్జి 'మీరిప్పుడు ఏ ఇష్యూ మీద ఉన్నారు' అని ఆపుతారు, అక్కడితో లయ పోతుంది. నేను జడ్జి కుర్చీలో కూర్చున్నప్పుడు గమనించింది ఏంటంటే, ఓడిపోయే టీమ్‌లలో ఎక్కువమందికి చదువు తక్కువై కాదు, తాము ఏ మెట్టు మీద ఉన్నారో తమకే తెలియక ఓడిపోతారు.

కాబట్టి ఒక స్పీకర్ 21, ఇంకో స్పీకర్ 14, 15 పంచుకోండి. మొదటి స్పీకర్ దిగిపోయే ముందు ఒక్క వాక్యం, 'ఈ భారం ఎవరి మీద పడిందో నా సహచరుడు వివరిస్తారు' అని. అది చాలు.

అన్నిటికన్నా ముందు, అందరూ మర్చిపోయేది: అసలు సర్క్యులర్ 'చట్టం' అవుతుందా? పుట్టస్వామిలో మొదటి మెట్టే చట్టం ఉండాలని. ఖరక్ సింగ్‌ని అందరూ ప్రైవసీ ఒప్పుకోని కేసుగా తిట్టి వదిలేస్తారు గానీ, ఆ తీర్పులోనే పోలీసులు రాత్రిళ్ళు ఇంటికి వచ్చి తలుపు కొట్టే 236(బి) నిబంధనని కొట్టేశారు, దానికి చట్టం దన్ను లేదని, అది కేవలం శాఖాపరమైన ఆదేశమని తేల్చి. రాత్రిపూట తలుపు కొట్టడం, రాత్రిపూట ఫోన్ కొట్టడం, పోలిక నీకే తోచాలి. మీ ప్రాబ్లమ్‌లో యూనివర్సిటీ చట్టంలోని ఏ సెక్షన్ కింద వీసీ ఈ అధికారం వాడారో రాసి ఉందా? లేకపోతే ఇదే నీ మొదటి దెబ్బ.


రీసెర్చర్_అక్క:

స్పీకర్లు ఇద్దరూ మాట్లాడేశారు, ఇక వెనక కూర్చుని కేసులు వెతికే మాలాంటి వాళ్ళ మాట కూడా వినండి 🙂

తమ్ముడూ లేదా చెల్లీ, పుట్టస్వామిని 'మెజారిటీ తీర్పు' అని ఒక్క ముక్కలో రాయకు. అందులో ఆరు అభిప్రాయాలు ఉన్నాయి. జస్టిస్ చంద్రచూడ్ రాసింది తనతో కలిపి నలుగురి తరఫున, తొమ్మిదిలో నాలుగు మెజారిటీ కాదు. మిగతా ఐదుగురు, చలమేశ్వర్, బోబ్డే, నారిమన్, సప్రే, కౌల్, ఎవరి అభిప్రాయం వాళ్ళు రాశారు. చట్టం, న్యాయమైన లక్ష్యం, ప్రొపోర్షనాలిటీ అనే మూడు మెట్లు చంద్రచూడ్ గారి అభిప్రాయంలోవి, ఎస్‌సీసీలో (సుప్రీంకోర్టు తీర్పుల సంపుటాలు) 310వ పేరా. దుర్వినియోగం కాకుండా పద్ధతిపరమైన రక్షణలు ఉండాలనే నాలుగో మెట్టు కౌల్ గారిది, 638వ పేరా. చలమేశ్వర్ గారు కొన్ని సందర్భాల్లో 'కంపెల్లింగ్ స్టేట్ ఇంట్రెస్ట్' (ప్రభుత్వానికి తప్పనిసరైన అవసరం) అనే ఇంకా గట్టి కొలత ఉండాలన్నారు. బెంచ్ మీద ఎవరైనా బాగా చదివినవాళ్ళు కూర్చుంటే మొదటి ప్రశ్న ఇక్కడే వస్తుంది. దానికి జవాబు, 2018 సెప్టెంబర్ 26న ఆధార్ కేసులో ఐదుగురు జడ్జిల బెంచ్ మెజారిటీ ప్రొపోర్షనాలిటీనే కొలతగా వాడింది, దాని నాలుగు మెట్లకి 2016 మోడర్న్ డెంటల్ కాలేజ్ తీర్పు ఆధారం అని చెప్పడం.

ఆధార్ తీర్పు దగ్గర ఇంకో గొయ్యి ఉంది. నిఘా గురించి మనసుకి నచ్చే వాక్యాలన్నీ చంద్రచూడ్ గారి భిన్నాభిప్రాయంలో ఉంటాయి, పిల్లలు అవి కాపీ చేసి 'కోర్టు ఇలా అంది' అని రాసేస్తారు. కోర్టు అలా అనలేదు, ఆ కోర్టులో ఒక జడ్జి అన్నారు.

నీ ప్రశ్నకి సరిగ్గా సరిపోయే పాత కేసు ఒకటి మన దగ్గరే ఉంది, ఎవరూ తియ్యరు ఎందుకో. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, జస్టిస్ పి.ఎ. చౌదరి, టి. సరీత వర్సెస్ వెంకట సుబ్బయ్య. హిందూ వివాహ చట్టం సెక్షన్ 9, విడిగా ఉంటున్న భార్యని గానీ భర్తని గానీ మళ్ళీ కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే సెక్షన్, దాన్ని కొట్టేశారు. కాగితం మీద ఆ సెక్షన్ ఇద్దరికీ ఒకటే, కానీ అలాంటి డిక్రీ వస్తే శరీరం మీద, జీవితం మీద భారం పడేది భార్య మీదే అని చెప్పి, ప్రైవసీనీ సమానత్వాన్నీ ఒకే తాడుగా పేనారు. పుట్టస్వామి కంటే ముప్ఫై నాలుగేళ్ళ ముందు! అయితే మరుసటి ఏడాదే, 1984లో, సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఓవర్‌రూల్ చేసింది, అంటే ఆ తీర్పు చెల్లదంది. కాబట్టి దీన్ని ఆధారంగా చూపించకు, ఆలోచనగా చూపించు, ఓవర్‌రూల్ అయిన సంగతి నువ్వే ముందు చెప్పు, జడ్జి నోటి నుంచి రానివ్వకు. అదే సెక్షన్ మీద 2019లో సుప్రీంకోర్టులో మళ్ళీ పిటిషన్ వేసింది ఎవరనుకున్నావ్, లా విద్యార్థులే.

'అబ్బాయిలకి కూడా పెడితే?' అన్న ప్రశ్నకి రెండో సగం జవాబు కూడా దీన్నుంచే వస్తుంది. అందరికీ ఒకేలా పెట్టినా ఫలితం ఒకేలా ఉండదు. దీనికి ఇప్పుడు నిలబడే ఆధారం 2021 నితీషా తీర్పు, సైన్యంలో మహిళా అధికారుల పర్మనెంట్ కమిషన్ కేసు, పైకి తటస్థంగా కనిపించే నిబంధన కూడా ఆచరణలో ఒక వర్గాన్ని వెనక్కి నెడితే అది పరోక్ష వివక్షే అని.

హాస్టల్ అంటే 2019లో కేరళ హైకోర్టు ఇచ్చిన ఫహీమా షిరీన్ తీర్పు తప్పకుండా చూడు. అమ్మాయిల హాస్టల్లో రోజూ కొన్ని గంటలు ఫోన్లు వార్డెన్‌కి అప్పగించాలనే నిబంధన, ఒప్పుకోని విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు, ఇంటర్నెట్ వాడుకోవడం చదువుకునే హక్కులో, ప్రైవసీ హక్కులో భాగమని చెప్పి కోర్టు ఆమెని తిరిగి చేర్చుకోమంది. సింగిల్ జడ్జి తీర్పు, ఇంకో రాష్ట్రంలో ఒప్పించడానికి మాత్రమే పనికొస్తుంది, అది గుర్తుంచుకో. దీనితో పాటు లైంగిక వేధింపుల నివారణ మీద యూజీసీ నిబంధనలు, పేరులో 2015 ఉంటుంది కానీ నోటిఫై అయింది 2016లో. అమ్మాయిల భద్రత పేరు చెప్పి హాస్టళ్ళలో అబ్బాయిలకి లేని వివక్షాపూరిత నిబంధనలు పెట్టకూడదని, క్యాంపస్ భద్రత అతి నిఘాగా మారకూడదని అందులోనే రాసి ఉంది. నీ సర్క్యులర్‌ని చూసి రాసినట్టే ఉంటుంది. అది దొరికిన రోజు మా టీమ్‌లో అరుపులు.


తొలి_మూట్:

అక్కా, చెల్లినే 🙂 యూజీసీ నిబంధనలు నాకసలు తట్టనే లేదు, చాలా థాంక్స్. ఇప్పుడు ప్రైవసీ చరిత్ర లెక్కపెట్టాను, పదిలో ఆరు పేజీలు. సిగ్గేసింది.

రెండు సందేహాలు. ఆ సంతకం, 'ఒప్పుకుంటున్నాను' అన్నది, దాన్ని ఎలా దాటాలి? రెండోది, రెస్పాండెంట్ వైపు నిజంగా ఏమైనా ఉందా, లేక ఓడిపోతామని తెలిసే నిలబడాలా?


ప్రభుత్వ_పక్షం:

నాకు ఎప్పుడూ లాటరీలో రెస్పాండెంటే వస్తుంది, అందుకే ఈ పేరు.

సంతకం విషయం ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అది నీ రెస్పాండెంట్ వాదనలో వాడుకోవాలని నీకు ఆశ పుడుతుంది. వాడుకో, కానీ దాని మీద ఇల్లు కట్టకు. ప్రాథమిక హక్కుని వదులుకుంటున్నానని ఎవరూ రాసివ్వలేరని 1958లోనే బషేషర్ నాథ్ కేసులో వచ్చింది, 1985లో ఓల్గా టెల్లిస్‌లో మళ్ళీ చెప్పారు. పైగా హాస్టల్ సీటు కావాలంటే సంతకం పెట్టక తప్పనప్పుడు అది ఒప్పుకోలు ఎలా అవుతుందని పిటిషనర్ అడుగుతుంది. రెస్పాండెంట్‌గా నువ్వు చెప్పగలిగింది ఇంతే: సంతకం హక్కుని చంపదు, కానీ విద్యార్థులకి ముందే తెలియజేశాం, దాచిపెట్టి చెయ్యలేదు అనడానికి పనికొస్తుంది.

ఇప్పుడు అసలు బలం. ఆర్టికల్ 15(3), స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం. దీనికి 1995లో వచ్చిన గవర్నమెంట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ పి.బి. విజయకుమార్ తీర్పు చదువుకో. ప్రభుత్వ ఉద్యోగాల్లో మహిళలకి ముప్ఫై శాతం ఇచ్చే నిబంధనని 15(3) కిందే నిలబెట్టారు, ఆ అధికారం ఎంత విశాలమో అందులో బాగా ఉంటుంది. 1954 నాటి యూసుఫ్ అబ్దుల్ అజీజ్‌ని మాత్రం పొరపాటున కూడా ముట్టుకోకు, వ్యభిచారాన్ని నేరంగా చూసిన సెక్షన్ 497ని 15(3) కాపాడుతుందన్న ఆ కేసు 2018లో జోసెఫ్ షైన్‌తో పోయింది. నేను ముట్టుకున్నాను. జడ్జి నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

పిటిషనర్ నీ మీదకి అనూజ్ గర్గ్ తెస్తుంది, అది ఖాయం. మద్యం అమ్మేచోట స్త్రీలు పని చెయ్యకూడదన్న పంజాబ్ ఎక్సైజ్ చట్టం సెక్షన్ 30ని కొట్టేసిన తీర్పు, రక్షణ పేరుతో స్త్రీల స్వేచ్ఛ కోసే చట్టాలని గట్టిగా పరీక్షించాలన్నది దాని సారం. దానికి నీ దగ్గర ఉండాల్సిన తేడా ఏంటంటే, అక్కడ స్త్రీలని ఉద్యోగం నుంచే తీసేశారు, ఇక్కడ ఎవరినీ బయటికి వెళ్ళొద్దనలేదు, కదలిక మీద నిషేధం లేదు, సమాచారం మాత్రమే తీసుకుంటున్నాం. బలహీనమే, ఒప్పుకుంటాను, కానీ నమ్మకంగా చెప్తే నాలుగు నిమిషాలు నిలబెడుతుంది.

అసలు కిటుకు ఎక్కడంటే, రెస్పాండెంట్ అన్నీ కాపాడాలని చూడకూడదు. తల్లిదండ్రులకి లొకేషన్ పంపడం అన్న భాగాన్ని నువ్వు ఏం చేసినా కాపాడలేవు. పెద్దవాళ్ళైన విద్యార్థుల కదలికలు ఇంటికి చేరవెయ్యడానికీ క్యాంపస్ భద్రతకీ సంబంధం ఏంటని అడిగితే నోరు పెగలదు. అందుకే ప్రత్యామ్నాయ వాదన పెట్టు: కోర్టువారికి ఆ భాగం అభ్యంతరకరం అనిపిస్తే దాన్ని మాత్రం విడదీసి తీసేయవచ్చు, హాజరు నమోదు నిలుస్తుంది అని. ఆధార్‌లో కోర్టు చేసింది అదే కదా, మొత్తం చట్టాన్ని కొట్టెయ్యకుండా అథెంటికేషన్ రికార్డులు ఐదేళ్ళు దాచడాన్ని ఆరు నెలలకి కుదించింది, సెక్షన్ 57లో ప్రైవేటు కంపెనీల భాగాన్ని తీసేసింది.

ఆ ట్రాన్స్ విద్యార్థి విషయం గురించి పై ముగ్గురూ ఏమీ అనలేదు, ఆశ్చర్యం. పిటిషనర్‌గా ఉన్నప్పుడు నీ కేసుకి గుండె అదే. ప్రైవసీ పోవడమే అక్కడ సమానత్వం పోవడం, రెండింటి మధ్యా సందు లేదు, ఒకే లొకేషన్ చుక్క మిగతావాళ్ళకి చికాకు, ఆ విద్యార్థికి చదువే పోవడం. 2014 నల్సా తీర్పులో తన జెండర్ ఏంటో తానే చెప్పుకునే హక్కు ఉంది, స్వలింగ సంబంధాలు నేరం కాదన్న 2018 నవతేజ్ జోహార్‌లో ప్రైవసీ, గౌరవం, సమానత్వం మూడూ ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. కలపాలా విడగొట్టాలా అని అంత కొట్టుకున్నారు గానీ, ఈ ఒక్క మనిషి కథ చెప్తే అవే కలుస్తాయి. నల్లకోటు గారు మధ్యలో ఆపినా సరే.


నల్లకోటు:

ఆ విద్యార్థితో మొదలుపెడితే ఆపను. అది ఒప్పుకుంటున్నా. కానీ వాస్తవాలు చెప్పేటప్పుడు ఆ విద్యార్థిని 'ఆమె' అనాలో 'అతను' అనాలో ప్రాబ్లమ్‌లో ఎలా ఉందో చూసుకుని అలాగే అను. ప్రైవసీ, గౌరవం అని వాదిస్తూ తప్పు సర్వనామం వాడిన టీమ్‌ని చూశాను, బెంచ్ మీద ఒకావిడ పెన్ కింద పెట్టేశారు.


తొలి_మూట్:

ఇది నా డ్రాఫ్ట్‌లో రెండు చోట్ల తప్పుగా ఉంది, ఇప్పుడే దిద్దాను.

చివరి ప్రశ్న ఒక్కటి, విసిగిస్తున్నానేమో. ఖరక్ సింగ్‌లో జస్టిస్ సుబ్బారావు గారి భిన్నాభిప్రాయం నాకు చాలా నచ్చింది, వ్యక్తిగత స్వేచ్ఛలో ప్రైవసీ ముఖ్యమైన భాగమని అప్పుడే రాశారు. నిఘా నీడలో మనిషి స్వేచ్ఛగా తిరగలేడన్న ఆయన ఆలోచన మా యాప్‌కి అచ్చంగా సరిపోతుంది. భిన్నాభిప్రాయం కాబట్టి వదిలెయ్యాలా?


రీసెర్చర్_అక్క:

అస్సలు వదలకు చెల్లీ. ఆధార్‌లో భిన్నాభిప్రాయానికీ దీనికీ తేడా ఉంది. ఖరక్ సింగ్‌లో ప్రైవసీ హక్కు లేదన్న భాగాన్ని పుట్టస్వామి ఓవర్‌రూల్ చేసింది, నారిమన్ గారైతే సుబ్బారావు గారి అభిప్రాయాన్ని మన కోర్టు చరిత్రలోని మూడు గొప్ప భిన్నాభిప్రాయాల్లో ఒకటిగా లెక్కపెట్టారు. కాబట్టి ముందు 2017 పేరా రాయి, దాని కింద ఫుట్‌నోట్‌లో సుబ్బారావు గారిని పెట్టు. జడ్జి 'అది డిసెంట్ కదా' అంటే ఆ వరస చెప్పడానికి ఇరవై సెకన్లు చాలు, స్టాప్‌వాచ్ పెట్టి ప్రాక్టీస్ చెయ్యి. ఆ ఆరు పేజీల చరిత్ర మాత్రం ఇవాళే తీసెయ్, రేపటికి ఉంచితే మళ్ళీ ముద్దొస్తుంది.